ఇంట్లోనే ఎవరినో అడుగుతోంది

భూపాలపల్లి

ప్రియమైన రాంచందర్,

ఫోన్ చేస్తే ఇద్దరం రెండు మాటలకే ఆగిపోతున్నాం. అందుకే కాగితం.

నేను బాగానే ఉన్నాను. గనిలో సర్వే పనికి మళ్లీ వెళ్తున్నాను. వంట నేర్చుకుంటున్నాను. చారులో ఒకరోజు ఉప్పు మరిచిపోతాను, ఒకరోజు రెండుసార్లు వేస్తాను.

మీ అక్క దినాలు అయినప్పటి నుంచి ఇంట్లో ఇంటర్నెట్ రావడం లేదు. కంపెనీ డబ్బా మీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కంప్యూటర్‌లో ఏ సైటు పేరు కొట్టినా దొరకలేదంటోంది. కంపెనీ వాళ్ల జనగామ ఆఫీసుకు ఫోన్ చేశాను. కనెక్షన్ ఆమె పేరు మీద ఉంది కదా. “సుజాత గారికి ఇయ్యండి సార్” అంది అక్కడి అమ్మాయి. లేరన్నాను. “ఎప్పుడొస్తరు?” అంది. పెట్టేశాను.

కనెక్షన్ తీయించేద్దామనుకుంటున్నాను. తీయిస్తే, ఆమెను పేరు పెట్టి అడిగే ఆ ఒక్కరూ ఉండరు. ఇంకా తేల్చుకోలేదు.

అత్తమ్మను అడిగానని చెప్పు.

మీ బావ,
కరుణాకర్

మరిపెడ

ప్రియమైన బావకు నమస్తే,

విత్తనాల దుకాణంల కూసొని రాస్తున్న. నువ్వడిగినవని అవ్వకు చెప్పిన. ఉప్పు సంగతి చదివి వినిపిస్తే నవ్వింది. అక్క పోయినంక అవ్వ నవ్వుడు ఇదే మొదలు. అందుకని ఉప్పు అట్లనే వేసుకో, మార్చకు.

కనెక్షన్ తీయించకు బావా. అక్కకు అదంటే పానం. కాలేజీల కంప్యూటర్ పాఠం చెప్పి వచ్చి ఇంట్ల మళ్ల అదే ముందటేసుకునేది. ఎవరేమడిగినా ‘తెల్వది’ అనకపోయేది, యాదికుందా? “జర ఆగు, అడిగి చెప్త” అనేది. ఆకాశంల చుక్కలెన్ని అని చిన్నప్పుడు నేనడిగితే కూడా అదే మాట. ఇంకా ఎవరినో అడుగుతనే ఉన్నట్టుంది.

కంపెనీ మనిషిని ఇంటికే పిలిపించు.

నీ బామ్మర్ది,
రాంచందర్

భూపాలపల్లి

ప్రియమైన రాంచందర్,

కంపెనీ నుంచి సంపత్ అనే అతను వచ్చాడు. పేరుకు బదులు ఏదో నంబర్ కొట్టాడు. పేజీ తెరుచుకుంది.

“చూసిన్రా సార్, తొవ్వ మంచిగనే ఉంది. పేరు కొడితేనే పోతలేదు.”

యంత్రాలకు మన పేర్లు పట్టవట. వాటికి నంబర్లే దారి. మనం ఒక పేరు కొట్టగానే, దాని నంబర్ ఎంతని ఇల్లు ఎవరినో అడుగుతుందట. తెలియకపోతే వాళ్లు పైవాళ్లను అడుగుతారు. వాళ్లు ఇంకొకరిని చూపిస్తారు. ఆ అడగడం సముద్రాలు దాటి వెళ్లి, మనం రెప్ప వేసేలోపు జవాబుతో తిరిగొస్తుంది. భూమి కింద దారులు కొలవడమే ఇన్నేళ్లుగా నా పని. నా ఇంట్లోంచి ఇంత దూరం దారి ఉందని ఎరగను. డబ్బాలోంచి కిటికీ దాటి వెళ్లే తీగను వేలితో తడిమి చూశాను.

“మరి నా ఇల్లు ఎవరినడుగుతోంది?” అన్నాను.

సంపత్ ఏదో తెరిచి చూశాడు. మళ్లీ చూశాడు.

“మా కంపెనీని అడుగుతలేదు సార్. మీ ఇంట్లనే ఎవరినో అడుగుతాంది. ఆళ్లు పలుకుతలేరు.”

ఇంట్లో నేనొక్కణ్ణే అన్నాను.

అతను అలమర వెనక వేలాడుతున్న ఒక ఖాళీ వైరు పట్టుకున్నాడు. “ఈడ చిన్న డబ్బా ఉండాలె. మేడమే పెట్టుకున్నట్టుంది.” ఆ డబ్బా బదులు కంపెనీనే అడిగేలా వాళ్ల నంబర్ పెట్టేస్తే నిమిషంలో పని అయిపోతుందన్నాడు. ఆగమన్నాను.

రాంచందర్, దినాలయ్యాక ఆనవాయితీగా ఆమె వస్తువులు మీ ఇంటికి పంపాను. చీరలు, సంచి, ఆ అలమరలోవి. చూడలేక, చూడకుండానే సర్దాను. సబ్బుపెట్టె అంత డబ్బా ఉందేమో వెతుకు.

మీ బావ,
కరుణాకర్

మరిపెడ

ప్రియమైన బావా,

డబ్బా ఉంది. బిడ్డ రేడియో అనుకొని అవ్వ దాన్ని అక్క ఫోటో ముందట పెట్టుకున్నది. బావ అడుగుతుండంటే ఒప్పుకోలేదు.

“పోయినదాని సామాను పుట్టింటికొచ్చినంక మళ్ల ఆ గడప తొక్కుతదా? ఇయ్య.”

చేసేదేం లేక నీ జాబు చదివిన. ‘మీ ఇంట్లనే ఎవరినో అడుగుతాంది’ అన్న కాడ ఆపి, మళ్ల చదవమన్నది.

“ఏమడుగుతాందిరా ఇల్లు?”

“ప్రతి పేరూ అవ్వా. అక్క డబ్బానే అడుగుతాందట.”

“ఇప్పటిదాంక?”

“ఇప్పటిదాంక.”

కొంగుతోని డబ్బా తుడిచి నా చేతిల పెట్టింది.

“ఇల్లు నా బిడ్డను అడుగుతాంటే, నేనిక్కడ దాసుకొని కూసున్ననా? లే, ఇచ్చి రాపో.”

ఆదివారం తెస్తున్న. ఆ పూట చారు నేనే పెడత.

నీ బామ్మర్ది,
రాంచందర్

భూపాలపల్లి

ప్రియమైన రాంచందర్,

నువ్వు డబ్బా తగిలించి బస్సెక్కిన మర్నాడు సంపత్ మళ్లీ వచ్చాడు. అన్నీ తెరుచుకోవడం చూసి సంతోషించాడు.

“అయినా మా నంబరే పెడత సార్. ఈ చిన్న డబ్బా ఖరాబైతే మళ్ల పరేషాన్.”

“ఇన్ని పేర్లూ ఈ డబ్బాకు తెలుసా?” అన్నాను.

“యాడ సార్! దానికేం తెల్వది. మనం ఏదన్న అడిగితే, పోయి పైవాళ్లను అడిగి వచ్చి చెప్తది.”

ఇన్నేళ్లూ ఈ ఇంట్లో నేను కొట్టిన ప్రతి పేరూ ముందు దాని దగ్గరికే వెళ్లింది. నాకు తెలియదు. ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

ఉన్నది ఉన్నట్టే ఉంచమన్నాను. అతను నా ముఖం చూసి, వైరు సరిగ్గా బిగించి వెళ్లాడు.

సాయంత్రం జనగామ ఆఫీసు నుంచి ఫోన్. “సుజాత గారి నంబరేనా సార్? సమస్య తీరిందా?”

అవునన్నాను. తీరిందన్నాను. కనెక్షన్ తీయించే సంగతి ఎత్తలేదు. ఇక ఎత్తను.

తర్వాత మీ అక్క కాలేజీ పేరు కొట్టాను. తెర తెల్లగా ఉంది. చిన్న డబ్బా మీద పచ్చలైటు ఒకసారి మిణుకుమంది, జర ఆగు అన్నట్టు.

ఆగాను.

అత్తమ్మకు ఈ జాబు చదివి వినిపించు.

మీ బావ,
కరుణాకర్