కాడలు పారేసి ఆకులు వండించాను

లూకన్, డబ్లిన్
మట్టల ఆదివారం వెళ్లిన బుధవారం

ప్రియమైన అక్కకి,

ప్రభువు పేరట నీ చెల్లెలు రూతు వందనాలు. నువ్వు, బావగారు, పిల్లలు, అమ్మ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. బావగారిని రోజూ బజారుకి పంపించకు. మేం ముగ్గురం బాగానే ఉన్నాం. కిందంతా చదివి కంగారుపడతావని ఈ మాట ముందే రాస్తున్నాను. పోస్టు నడవడం లేదు గనక కాగితాలు ఫొటోలు తీసి పంపుతున్నాను. ఫోన్లో చెబుదామంటే గోడ అవతల అన్నీ వినబడతాయి, నాకేమో మా ఆయన్ని తిట్టుకోవాలని ఉంది.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక పెద్దావిడకి కరోనా అని తేలింది. ఆవిడకి అన్నం తినిపించేది నేనే. నాకూ పరీక్ష చేశారు, ఫలితం రాలేదు. అందాకా ఇంట్లోనే, మేడమీద చిన్న గదిలో తలుపేసుకుని ఉండమన్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు. ఉన్నదల్లా కోపమే. నీ మరిదికి హోటల్లో పని ఆగిపోయింది కదా, వంట ఆయన చేతిలో పడింది.

ఈస్టరు దాకా శ్రమల దినాలని నీచు మానేశాం. ఆయనకి వచ్చిందేమో ఒక్క కోడికూర! ఇక చూడు నా అవస్థ. రోజూ సాయంత్రం తలుపు అవతల నిలబడి, "ఏమే, ఈ పూట ఏం వండమంటా?" అంటారు. శనగలు నానెయ్యమంటే మర్చిపోతారు. కందిపప్పు ఉడక్కుండానే దించేసి, పలుకుగా ఉందని నామీదే విసుక్కుంటారు. వంకాయ కూర నీళ్లు నీళ్లు. ఒక్క కూరతో ఇంటిల్లిపాదికీ కడుపు నిండేలా వండించడం కూడా నాకు చేతకాలేదే అని ఏడుపొచ్చేది. పిల్ల, కెజియా, రెండు ముద్దలు కెలికి లేచిపోతోంది, బుగ్గలు లోపలికి పోయాయట. ఇల్లు దాటి రెండు కిలోమీటర్లు మించి పోకూడదంటున్నారు, మన సరుకుల కొట్టు అంతకంటే దూరం. గోంగూర చూసి ఎన్నాళ్లయిందో!

మొన్న పక్కింటి పెద్దావిడ మౌరీన్ తన పెరట్లో కోసిన కట్ట ఒకటి మా గుమ్మంలో పెట్టి, దూరం నుంచే చెయ్యూపి వెళ్లిపోయింది. నీ మరిది మెట్ల కింది నుంచే కేక. "ఎర్ర కాడలు, పచ్చటాకులు. కాడ కొరికితే పులుపు చంపేస్తంది. గోంగూరేనే ఇది!"

ఫొటో చూశాను. ఆకు చేటంత ఉంది. ఈ దేశపు గోంగూర ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. "కాడలు పారేసి ఆకులు తుంచండి. నూనెలో మగ్గనిచ్చి, ఉడికిన శనగపప్పులో కలిపి, వెల్లుల్లి దట్టంగా వేసి తాలింపు పెట్టండి" అని దగ్గరుండి చేయించినట్టే చేయించాను. పిల్ల తిన్నాకే నాకు పెట్టమన్నాను.

ఆయన మారు వడ్డించుకున్నారు. కెజియా మాత్రం "యక్!" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "కంచం ఖాళీ చెయ్యకపోతే రేపు టీవీ లేదు!" అని తలుపు వెనక నుంచే గొంతు చించుకున్నాను. కాసేపటికి "ఫినిష్డ్, మామ్!" అంది.

తర్వాత ఆయన కాడలు పారేయడానికి బయటికెళితే గోడ అవతల నుంచి మౌరీన్ చూసిందట. "అయ్యో, తినేవి అవే కదా! ఆకులేం చేశారు?" అందట. వండుకు తిన్నామని చెబితే కెవ్వుమందట. దాని పేరు రూబార్బ్ అట అక్కా. కాడల్ని పంచదారతో ఉడికించుకుంటారట. ఆకులు విషమట! ఇక్కడ అందరికీ తెలుసట. నాకెవరు చెప్పి చచ్చారు?

ఆయన పైకొచ్చి ఈ సంగతి చెబుతూనే వాంతులు మొదలెట్టారు. "పిల్ల ఎంత తింది?" అన్నాను. "మొత్తం తినేసిందే" అన్నారు. గడియ తీసి తలుపు లాగాను. రాలేదు. అవతల ఆయన పిడి పట్టుకుని వేలాడుతున్నారు.

"తియ్యమాక! నీ రిజల్టు రాలా. దానికి అది కూడా అంటిస్తావా?"

నేను తలుపు బాదుతున్నాను, ఆయన కక్కుకుంటూనే పిడి వదలడం లేదు. అప్పుడు కెజియా ఏడుస్తూ వచ్చింది. "ఐ డిడ్ంట్ ఈట్ ఇట్, మామ్. ఐ హిడ్ ఇట్ ఇన్ ద ప్రెస్." ప్రెస్ అంటే ఇక్కడ గిన్నెల అలమర. అన్నమంతా కాగితంలో చుట్టి అందులో దాచిందట! ఇంకోరోజైతే వీపు చిట్లగొట్టేదాన్ని. నేలమీద కూలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

డాక్టరు ఫోన్లోనే అన్నీ అడిగి ఏం చెయ్యాలో చెప్పారు. ఆయనకి తెల్లారేసరికి నెమ్మదించింది. ఇప్పుడు మళ్లీ తలుపు దగ్గరికొచ్చి ఏం వండమంటావని అడిగితే, మీకు తోచింది వండండి అంటున్నాను. నా మాట విన్న మనిషి వాంతులు చేసుకున్నాడు. నా మాట విననందుకు నా బిడ్డ నాకు దక్కిందక్కా.

అమ్మకి చదివేటప్పుడు ఆకుల సంగతి దాటేయి. విమానాలు తిరిగాక గోంగూర పచ్చడి పంపించు. పెద్దలందరికీ వందనాలు, పిల్లలకి ముద్దులు. నా ఫలితం కోసం మోకాళ్లూనండి. కెజియా తలుపు అవతల కూర్చుని టోస్టు తింటోంది, కరకరమని వినబడుతోంది. తిననీ.

నీ చెల్లెలు,
రూతు