ఒలీవల కొండ మీది రాయి

రోలా, షార్జా
18 మే 2023

బావ ప్రసన్నకుమార్‌కి భీమరాజు వందనాలు. ఇక్కడ నేను కులాసా. ఫుజైరాలో నువ్వూ, నువ్వు రిపేరు చేసే ఓడలూ కులాసాయే అనుకుంటాను. నీ భార్య, మా చెల్లి సుగుణ భూస్థాపనకి నువ్వు రాలేదు. కరోనా అని క్యాంపుకి తాళం వేశారన్నావు. నేను నమ్మలేదు, మూడేళ్లుగా నీతో మాట్లాడటం లేదు. ఇప్పుడూ మాట్లాడటం లేదు, రాస్తున్నాను అంతే.

మా సంఘం వాళ్లతో యెరూషలేము వెళ్లొచ్చాను. యూదుల పవిత్ర స్థలాలన్నీ ఒక్క రోజులో చూపించే టూరు. గైడు మిర్యం అనే ఆవిడ. ఆవిడ ఇంగ్లీషుని తెలుగు చేసే పని నాకిచ్చారు. ఏడో క్లాసు తప్పినవాడి మీద అంత నమ్మకం!

పడమటి గోడ దగ్గర మగాళ్లు తల కప్పుకోవాలంది. టోపీ జారితే ఒంటికాలి మీద నిలబడాలని నేను కలిపాను. గాలికి మంగరాజు టోపీ ఎగిరింది. మా గోడౌన్ సూపర్‌వైజరే వాడు, పాపం, కొంగలా నిలబడ్డాడు. దావీదు సమాధి చూసేదాకా నన్ను తిడుతూనే ఉన్నాడు.

ఆఖర్న ఒలీవల కొండ. వాలంతా సమాధులే. మా సంఘం పెద్దావిడ నాగరత్నమ్మగారు సంచిలోంచి పూలు తీశారు. గైడు ఆపింది. ఇక్కడ పూలు పెట్టరట, ఎవరో వచ్చి వెళ్లినట్టు చిన్న రాయి పెడతారట. ఉన్నదున్నట్టు చెప్పాను. నాగరత్నమ్మగారు, ఒరే భీమరాజూ, పోయినోళ్ల దగ్గర కూడా నీ ఎకసెక్కాలేనా, సిగ్గుండాలి అని దులిపేశారు. ఒట్టు పిన్నిగారూ అంటే మంగరాజు ఇంకా నవ్వాడు. మిర్యం కిందికి దిగి, వాళ్లమ్మ సమాధి మీద ఒక రాయి పెట్టి వచ్చింది. తర్వాత ఎవరూ నవ్వలేదు. నేనూ ఒక రాయి తీసి జేబులో వేసుకున్నాను.

అసలు సంగతి, వచ్చే నెలలో నా వీసా ఖలాస్. ఇంటికి పోతున్నాను. ఇక్కడ పండగకీ పబ్బానికీ సుగుణ సమాధి దగ్గరికి వెళ్లేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక ఎవరూ ఉండరు. నీకు తెలియాలని రాశాను.

ఇట్లు,
భీమరాజు

తా.క. పోస్టు చేసేలోపు ఇవాళ శుక్రవారం, రాయి పెట్టడానికి జెబెల్ అలీ సమాధుల తోటకి వెళ్లాను. సుగుణ దగ్గర కొవ్వొత్తి వెలుగుతోంది. గాలికి పడకుండా ఓడ ఇంజను నట్టులో గుచ్చి ఉంది. వాచ్‌మన్ తారిఖ్‌ని అడిగాను. ఫుజైరావాలా హర్ మహీనా ఆతాహై, తుమ్‌కో దేఖ్‌కే దీవార్ కే పీఛే ఛుప్ జాతాహై అన్నాడు. నెలనెలా వచ్చి, నన్ను చూసి గోడ వెనక నక్కుతున్నావా బావా! ఊరందరినీ ఆటపట్టించేవాణ్ణి, మూడేళ్లు నాకే టోపీ పెట్టావు. నట్టు పక్కన రాయి పెట్టాను. వచ్చే శుక్రవారం ఆ గోడ వెనక నేనుంటాను, నువ్వు తిన్నగా గేటులోంచి రా.