అమ్మ నిలదొక్కుకుంది

నంద్యాల, 12-8-1979

అన్నకు వందనాలు. అమ్మ గురించి దిగులు పడవద్దు. దొడ్లో జారిపడ్డాక ఇక మంచం దిగనన్న మనిషి చేత, బడిలో పిల్లలకు నేను నేర్పే డ్రిల్లే చేయిస్తున్నాను. తలుపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతుంది. నిన్న చర్చి మెట్ల మీద వాన తడికి అమ్మ కాలు జారింది. అయినా రెండో కాలు ఊని నిలదొక్కుకుంది. నేను చెయ్యి పట్టుకోబోతే, "ఏందే పట్టుకుంటాండావ్, నేనేమన్నా పడితినా?" అని కసురుకుంది.

ఆళ్లగడ్డలో నువ్వు చేయించిన చేతికర్ర పంపవద్దు. వదిన మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? ఆమెను కొన్నాళ్లు ఇక్కడికి పంపు. మీ ఇంటిల్లిపాదినీ దేవుడు చల్లగా చూడాలి. నువ్వొచ్చే రోజు రాస్తే, అమ్మ బస్టాండుకు తనే నడిచొస్తానంటోంది.

నీ చెల్లెలు,
లూదియా