మేలో మొదలైన మీటింగ్

1774 సెప్టెంబర్ 6, మంగళవారం

మా ఊరి మీటింగ్ మళ్లీ వాయిదా. మేలో మొదలుపెట్టింది, ఇంకా ముగించలేదు. గవర్నర్ అనుమతి లేకుండా మా వలస రాజ్యంలో ఏ ఊరూ కొత్త మీటింగ్ పెట్టకూడదని లండన్‌లో చట్టం చేశారు. సరే, కొత్తది పెట్టం, పాతదాన్నే సాగదీస్తాం అన్నారు మావాళ్లు. మా ఆయన అసాహెల్ మోడరేటర్, మీటింగ్ నడిపేది ఆయనే. చర్చంతా అయ్యాక లేచి, ఫలానా రోజుకు వాయిదా వేస్తున్నాను అంటారు. దాంతో మీటింగ్ బతికి ఉన్నట్టే లెక్క.

ఆ ఒక్క ముక్క చెప్పడానికి అంత పెద్దమనిషి మొహం పెట్టాలా అని ఇంటికొచ్చాక ఏడిపించాను. నవ్వుతూ చెబితే వెనక బెంచీవాళ్లు పన్నులు రద్దయ్యాయనుకుంటారు అన్నారు.

నవంబర్ 14

లెమ్యుయెల్ అన్నయ్య వచ్చాడు. రాజుగారిచ్చిన జడ్జి పదవి వాడిది. జనం కోర్టు తలుపులు తెరవనివ్వడం లేదు. ఆ ఉక్రోషమంతా మా వంటింట్లో వెళ్లగక్కాడు. మా చర్చి పెద్ద, డీకన్ ఫినియాస్ కూడా పొయ్యి దగ్గరే కూర్చుని ఉన్నాడు.

ఏం బావా, నీ మీటింగ్‌కి ఇంకా నెలలు నిండలేదా, కనేదెప్పుడు అని అన్నయ్య వెటకారం. ఆయన నవ్వి ఊరుకున్నారు. దాంతో వాడికి ఇంకా మండింది. చూసుకో, మొదలుపెట్టిన మోడరేటర్ నడిపినంతవరకే అది పాత మీటింగ్, ఇంకొకడు ఆ కుర్చీలో కూర్చున్నాడంటే కొత్తదే, ఆ రోజే గవర్నర్‌కి రాసేస్తా అన్నాడు.

ఆయన మళ్లీ నవ్వారు. ఫినియాస్ మాత్రం నవ్వలేదు.

1775 జనవరి 22, ఆదివారం

ఆయనకు జ్వరం, దగ్గు. ప్రార్థనకు వెళ్లలేదు.

జనవరి 29

దగ్గులో నెత్తురు పడింది.

ఫిబ్రవరి 6, సాయంత్రం

రేపే వాయిదా రోజు. మందుగుండు కొనాలో వద్దో రేపు తేలాలి. బోస్టన్ నిండా రాజుగారి సైన్యమే.

ఫినియాస్ వచ్చాడు. వదినా, ఒక్క గంట చాలు, దుప్పట్లు కప్పి మంచుబండి మీద జాగ్రత్తగా తీసుకెళ్లి, ఆ వాయిదా మాట అనగానే తెచ్చేస్తాం అన్నాడు. ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోండి, ఊళ్లో మగవాళ్లకు కరువా అన్నాను. అలా చేస్తే కొత్త మీటింగ్ అయిపోతుంది, మీ అన్నయ్యే చెప్పాడు కదా, చట్టం చదివినవాడు అన్నాడు.

ఒళ్లు మండింది. చట్టాన్ని కాదనేదీ మీరే, దాని కొసలు పట్టుకుని వేలాడేదీ మీరే అన్నాను. ఒక్క మనిషి మంచం పడితే ఆగిపోయేదైతే, మీ మీటింగ్‌కీ రాజుగారి దర్బారుకీ తేడా ఏమిటి అని అడిగాను. టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

లోపలి గదిలోంచి ఆయన పిలిచారు. కోటు ఎక్కడ పెట్టావు అన్నారు.

ఫిబ్రవరి 7

గుండీలు నేనే పెట్టాను.

మంచు కురుస్తూనే ఉంది. మీటింగ్ జరిగే చర్చి మందిరంలో పొయ్యి లేదు, ఎన్నడూ లేదు. ఆయన కాళ్ల కింద నిప్పుల పెట్టె పెట్టి, నేను పైన ఆడవాళ్ల బెంచీలకు వెళ్లాను. మందుగుండు కొనాలని తీర్మానం అయింది. ఆ తర్వాత ఆయన లేచారు. మాట రాలేదు. దగ్గు తెర ఆగడం లేదు. అందరూ టోపీలు తీసి నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు. చివరికి ఎలాగో ఇరవై ఒకటో తేదీకి వాయిదా అన్నారు.

నాకు గర్వంగా అనిపించింది. అందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఫిబ్రవరి 11

తెల్లవారుతుండగా పోయారు.

ఫిబ్రవరి 14

నేల గడ్డకట్టి గునపం దిగలేదు. మంటలు వేసి, కరిగించి తవ్వారు. అన్నయ్య వచ్చాడు. వాడి పక్కన ఎవరూ నిలబడలేదు.

అందరూ వెళ్లాక ఇంటికొచ్చి కూలబడ్డాడు. మోడరేటర్ మారకూడదన్న ఆ మాట ఊరికే అన్నానే చెల్లీ అన్నాడు. బావని ఉడికించాలని నోటికొచ్చింది వాగాను, ఏ చట్టంలోనూ అలా లేదు, వీళ్లు దాన్ని పట్టుకుంటారని కలగన్నానా అని ఏడ్చాడు. జడ్జి నోటికి ఏ మాటైనా చట్టంలాగే వస్తుంది కాబోలు. వాడి ముందు ఆపిల్ సైడర్ పెట్టాను. తాగలేదు. వాణ్ణి ఓదార్చాలో గెంటెయ్యాలో తెలియక గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయాను.

ఫిబ్రవరి 21

మీటింగ్ జరిగింది. మోడరేటర్‌గా ఫినియాస్ పేరు ఎవరో అన్నారు. చేతులెత్తారు. నేను పైనుంచి చూస్తుండగానే అయిపోయింది.

అదే మీటింగ్ అట.