ఐదో రౌండు దాకా నిలిచే బ్యాటరీ

తమ్ముడు వుతీకి,

మా టీవీని నడిపే కారు బ్యాటరీ పోయింది. కొత్తది కొందామని వెళ్తే కొట్టువాడు "ఏ కారుకమ్మా?" అన్నాడు.

"కారెక్కడిదయ్యా, ఊళ్లో కరెంటే లేదు. బాక్సింగ్ చూడ్డానికి" అన్నాను. నవ్వాడే గానీ ఏది తీసుకోవాలో చెప్పలేకపోయాడు.

నాంపెన్‌లో కార్ల షెడ్డులో ఉన్నావు, నువ్వే చెప్పు. పెద్దదైతే ఐదు రౌండ్లూ వస్తుందా? ఛార్జింగుకి సైకిల్ మీద తీసుకెళ్లగలనా?

మొన్న ఆదివారం ఐదో రౌండులోనే తెర ఆరిపోయింది. మీ బావా వాళ్లన్నయ్యా చెరో బాక్సర్ వైపు. "మావాడే గెలిచాడు" అని మీ బావ. "నీ మొహం, మావాడే" అని వాళ్లన్నయ్య. ఇప్పుడు ఒకే పడవలో చేపలకెళ్తూ కూడా మాట్లాడుకోవడం లేదు.

ఇంతకీ ఎవరు గెలిచార్రా? నాకొక్కదానికే రాయి. నేను లోపల మొక్కుకున్నది వాళ్లన్నయ్య బాక్సరే గెలవాలని అని మీ బావకి తెలియదు.

మీ అక్క