ఫోటో చూసి చెప్పిన మాట

బుధవారం, రాత్రి

మా బ్యాంకులో దోపిడీ జరిగి నాలుగు రోజులైంది. పోలీసులు సూర్యాపేట, కోదాడ అంతా గాలిస్తున్నారు. నా మెడ మీద కత్తి పెట్టినవాడు ముఖానికి రుమాలు కట్టుకున్నాడు. నేను చూసింది కళ్లు మాత్రమే. నిన్న ఒక ఫోటో చూపిస్తే, "ఈ కళ్లే" అనేశాను.

ఈరోజు స్టేషన్‌కు పిలిచారు. ఫోటోలోని మనిషిని మిర్యాలగూడ రైస్‌మిల్లు నుంచి పట్టుకొచ్చారు. హమాలీ అట.

"జర మంచిగ సూడుండ్రి మేడం. గీయనేనా?" అన్నాడు ఎస్సై.

"ఆ రోజు నేను మిల్లుల బస్తాలు మోస్తున్న అక్కా. ఎవర్నన్న అడుగుండ్రి" అన్నాడా మనిషి.

ఆ రోజు నా చెవిలో "అరవకు" అన్న గొంతు అది కాదు.

"ఈయన కాదు సార్."

"నిన్న ఔనంటిరి కద?"

"కళ్లు చూసి పొరబడ్డాను సార్. గొంతు ఇది కాదు" అన్నాను.

మిల్లులో విచారించి, సాయంత్రం వదిలేశారు. స్టేషన్ గేటు దగ్గర అతని భార్య నా చేతులు పట్టుకుని, "నిజం చెప్పి మమ్మల్ని బతికిచ్చిండ్రు" అని ఏడ్చింది. అతన్ని పట్టించిందీ నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

అసలువాడు ఇంకా దొరకలేదు. రేపు మరో ఫోటో చూపిస్తే ఏం చెప్పను...

ఎస్సై నన్నడిగింది విన్నాడు కాబట్టి ఆ హమాలీకి అంతా తెలుసు. అయినా భార్య పక్కన నిలబడి ఒక్క మాట కూడా అనలేదు.