బస్టాండు కాలేజీ నుంచి

ధర్మేందర్‌కు,

‘చిరంజీవి’ అని రాయడానికి ఈసారి చేయి రాలేదు. నిన్న ఫోనులో నువ్వు, “అన్నా, నీ బస్టాండు కాలేజీల పాఠాలు చెప్పుకో. నా దందాకు అడ్డం రాకు” అన్నావు. అందుకే రాస్తున్నాను.

తిరుమలగిరి దగ్గరి తండా అమ్మాయి నీరజ సూర్యాపేటలోని మా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చదవాలనుకుంది. మిర్యాలగూడ నుంచి నీ కాలేజీ మనిషి వాళ్ళింటికి వెళ్ళి, ఆన్‌లైన్ ప్రవేశానికి ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి, సీటు మీ దగ్గర ఖాయం చేశాడు. ఇంటరు మెమో కూడా పట్టుకుపోయాడు. తల్లి ద్వాళి నాతో అన్న మాట ఇది: “సర్కారు మనిషే అనుకున్న సారూ. మంచిగ మాట్లాడిండు. చాయ్ పోసి పంపిన.”

ఆ అమ్మాయికి నీ హాస్టల్లో ఉండే వీలు లేదు. తల్లికి నడుము వంగదు కనుక సాయంత్రం గొడ్లను కట్టేసి వంట చేసేది నీరజే. పొద్దున బస్సులో వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరగలిగితేనే ఆమెకు చదువు, లేకపోతే పత్తిచేను.

మాది బస్టాండు కాలేజీయే, రోజూ బస్సుల్లో వచ్చిపోయే పిల్లలదే. బస్సు ఆలస్యమైన పిల్లలకు మధ్యాహ్నం మళ్ళీ పాఠం చెబుతాము. గరిడేపల్లి బస్సులో వచ్చి ఇక్కడే చదివిన నీకూ అలాగే చెప్పారు.

శనివారంతో ప్రవేశాల గడువు ముగుస్తుంది. ఈలోగా సీటు రద్దు చేసి, మెమోను తీసుకుపోయినవాడి చేతనే తిప్పి పంపు. లేకపోతే వాళ్ళ ఫిర్యాదు మీద సాక్షిగా నేను సంతకం చేస్తాను.

ఆ కాలేజీ ఎవరిదని ద్వాళి అడిగింది. నా తమ్ముడిదని ఇంకా చెప్పలేదు. శనివారం సాయంత్రం చెబుతాను.

నీ అన్న